నాలుగో పేజీ

నోరు మూసుకుని కూర్చోవడం నాకు శ్రీకాకుళంలో అబ్బింది. అంతకుముందు ఇంట్లోగానీ, బళ్లోగానీ, బస్సులోగానీ నాకా అలవాటు లేదు. కావాలంటే మా పిన్నినడగండి.

2001 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. అప్పటికి నేను చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచర్ని. రెండు కథలు అచ్చయ్యాయి. మూడోది రాసి, ఇది మాత్రం అదిరిపోయిందని నాలో నేను అనుకుంటున్న రోజులు. శ్రీకాకుళంలో కొందరు సాహితీమిత్రులు కలిసి రెండు రోజుల కథా వర్క్‌షాప్ పెడుతున్నామని, అచ్చుకాని కథ ఒకటి పది రోజుల ముందే పన్నెండు కాపీలు పంపమని కార్డు రాశారు. అరఠావుల మీద ఒకవైపే రాసిన ఏడు పేజీలు. ఏడు పన్నెండ్లు ఎనభై నాలుగు. జెరాక్స్ షాపతను కట్ట చేతికిస్తూ "ఏటి మేడమ్, కోర్టు కేసా?" అన్నాడు. కథ అని చెప్పడానికి సిగ్గేసి అవునన్నాను. "సివిలా?" అన్నాడు. దానికీ అవునన్నాను.

చీపురుపల్లిలో ప్యాసింజరెక్కాను. సిగడాం, పొందూరు, దూసి అని ప్రతి స్టేషన్నూ పలకరించుకుంటూ పోయే బండి. దారి పొడుగునా నా కథ నేనే తీసి చదువుకున్నాను. నాలుగో పేజీ దగ్గరికొచ్చేసరికి మరీ మురిసిపోయేదాన్ని. పక్కన కూర్చున్నావిడ తొంగి చూస్తుంటే కాగితం కొంచెం అటు వంచాను కూడా, చదువుకోనీ పాపం అని. ఆమదాలవలసలో దిగి, బస్సు పట్టుకుని, ఏడురోడ్ల కూడలి దగ్గర మా పిన్ని ఇంట్లో సంచీ పడేశాను.

కథేమిటో చెప్పకపోతే మిగిలింది తెలియదు. మాది ఎస్.కోట పక్కన పల్లె. నాకు పదకొండేళ్లప్పుడు మా పెద్దప్ప పెళ్లి బాకీ తీర్చడానికి నాన్న ఎడ్ల జతని అలమండ సంతకి తోలుకెళ్లాడు. పొద్దుగూకాక భుజం మీద పలుపుతాళ్లతో ఒక్కడే తిరిగొచ్చాడు. ఎంతకమ్మాడో అమ్మకీ చెప్పలేదు. అదీ కథ. పేర్లు మార్చాను, ఊరు మార్చాను. సంతకి మాత్రం నేను వెళ్లలేదు. ఆడపిల్లల్ని పశువుల సంతకి ఎవరు తీసుకెళ్తారు? అందుకని ఆ సీను మొత్తం ఊహించి రాశాను. దళారి ఒక మాటంటే నాన్న రెండంటాడు, చుట్టూ జనం చేరతారు, బేరం మూడున్నరో పేజీలో మొదలై అయిదో పేజీ దాటుతుంది. డైలాగులు నాటకంలాగా పేలాయని నా నమ్మకం.

వర్క్‌షాప్ ఒక బడి హాల్లో. బెంచీలు గుండ్రంగా జరిపారు. నడిపించింది ఒక రిటైర్డ్ హెడ్మాస్టారు. ఆయన పెట్టిన షరతులు రెండే. ఎవరి కథ మీద మాట్లాడుతున్నామో వాళ్లు మాట్లాడకూడదు. "మీరు చెప్పాల్సింది ఏడు పేజీలు చెప్పేశారు. ఈ అరగంట మాది" అన్నారు. రెండోది, మాట్లాడే ప్రతివాళ్లూ బాగుందో బాగాలేదో చెప్పేముందు తాము చదివిన కథేమిటో రెండు వాక్యాల్లో చెప్పాలి. మొదటిది అవమానంగా అనిపించింది, రెండోది అనవసరంగా అనిపించింది. ఇప్పుడు నేనెక్కడైనా ఇలాంటివాటికి వెళ్తే ముందు ఈ రెండోదే పట్టుబడతాను.

కార్యక్రమం మొదలుపెడుతూ ఆయన గురజాడ ఊసెత్తారు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. పేరొచ్చింది. అయినా ఆ పెద్దమనిషి ఊరుకోలేదు, 1909లో దాదాపు కొత్త నాటకమే అనేటట్టు తిరగరాసి మళ్లీ అచ్చేశారు. మనం ఇవాళ చదువుకుంటున్నది ఆ రెండోదే. "ఆ మరుసటేడు కథ రాస్తే దాని పేరేటి? దిద్దుబాటు. పక్క జిల్లావాళ్లం, ఆ మాత్రం మనకీ అంటాలి కదా" అన్నారు. తెలుగులో తొలి కథ అదా, అంతకుముందు అచ్చమాంబ రాసినవా అని ఇద్దరు వాదన మొదలుపెట్టబోతే, మధ్యాహ్నం భోజనాల దగ్గర పెట్టుకోండి అన్నారు. పెట్టుకున్నారు కూడా. చారన్నం చల్లారిపోయింది.

భోజనాలయ్యాక నా వంతు.

"ఇది దళారుల దోపిడీ మీద కథ" అన్నారు మొదటాయన. రెండో ఆయన "రైతు అప్పుల కథ" అన్నారు. మూడో ఆయన "సంత సంస్కృతి" అన్నారు. నాకు లోపల ఉడికిపోతోంది. నేను రాసింది ఇంటికొచ్చాక నోరు విప్పని నాన్న గురించి. పదకొండు మంది చెప్పిన కథల్లో ఆ నాన్న లేడు. పన్నెండో ఆవిడ, విజయనగరం నుంచి వచ్చిన పెద్దావిడ, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ "అమ్మేసిన ఎడ్ల కుడితి గోలెం ఆ రాత్రి ఆయన కడిగి బోర్లించాడు చూడండీ, నాకు కథ అక్కడుంది" అన్నారు. నిజం చెప్తున్నాను, ఆ రెండు లైన్లూ పేజీ నిండకపోతే వేసినవి. బాగా కాపీ చేసేటప్పుడు తీసేద్దామనుకుని మర్చిపోయాను.

తర్వాత నాలుగో పేజీ మీద పడ్డారు. విజయవాడ వైపు నుంచి వచ్చిన ఒక విమర్శకులు దృక్పథం లోపించిందన్నారు, దళారి దుర్మార్గం ఇంకా బయటపడాలన్నారు. (ఆ రోజుల్లో ఏ కథలోనైనా దృక్పథం కాస్త లోపించేది, కూరలో ఉప్పు తగ్గినట్టు.) టెక్కలి లెక్చరర్ గారు, బేరం సాగింది, సీను మొత్తం ఎత్తేయమన్నారు. బొబ్బిలి ఆయన, మావాళ్లు సంతలో ఇంత శుభ్రంగా మాట్లాడరమ్మా, యాస పెంచమన్నారు. ఆయన పక్కనున్నాయన, బయట జిల్లాలవాళ్లకి అర్థంకాదు, యాస తగ్గించమన్నారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు గానీ మాట్లాడుకోలేదు. ఆఖర్న పలాస నుంచి వచ్చిన ఒక కుర్రాడు లేచి నించున్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "నాలుగో పేజీ దాకా నేను నాన్నగారి పక్కనే నడిచానండి. అక్కణ్నించి ఎందుకో మనసు పోలేదు. ఎందుకో నాకు తెలీదండి" అని కూర్చున్నాడు.

తెలియకపోతే మాట్లాడటం దేనికి అనుకున్నాను. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

షరతు తప్పాను. లేచి పది నిమిషాలు వాయించాను. ఇది దోపిడీ కథ కాదు, మీరు సరిగ్గా చదవలేదు, మా నాన్న ఆ రోజు దళారి కళ్లలోకి చూడలేకపోయాడు, తనకి తెలుసు తక్కువకి ఇచ్చేస్తున్నానని, ఆ సిగ్గే ఇంటికొచ్చాక మాట రానివ్వలేదు, కథంతా ఆ సిగ్గు. గొంతు కూడా పూడుకుపోయినట్టుంది. హెడ్మాస్టారు అడ్డుపడలేదు. నేను కూర్చున్నాక ఆయన ముందున్న కాపీ నా వైపు జరిపారు.

"కళ్లలోకి చూడలేకపోయాడన్నావు కదమ్మా. ఆ ముక్క ఎన్నో పేజీ? చూపించు, ఇంకోసారి చదువుకుంటాను."

తిరగేశాను. ఏడు పేజీలేగా, ఎంతసేపు? నాలుగు, అయిదు, మళ్లీ నాలుగు. ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే చేత్తో అదిమిపట్టి వెతికాను. లేదు. రాశాననే అనుకున్నాను. ఎన్నిసార్లు అనుకున్నానంటే రాసేసినట్టే గుర్తుండిపోయింది.

"లేదండి."

"ఉంటే బాగుణ్ణు" అన్నారాయన. అంతే, తర్వాత కథకి వెళ్లిపోయారు.

ఆ రాత్రి పిన్ని అరిసెలు పెడుతూ "ఏటే, అంత మొహం వేసుకొచ్చావు, ఎవరేటన్నారు?" అంది. చెప్పాను. పేరుపేరునా తిట్టింది అందరినీ. పలాస కుర్రాడిని కొంచెం ఎక్కువ తిట్టింది. చాలా హాయిగా అనిపించింది. కథ రాసేవాళ్లకి ఇలాంటి పిన్ని ఒకరు ఉండాలి. కాకపోతే ఆవిడకి కథ చూపించకూడదు.

రెండో రోజు ఇతరుల కథలు. నా కథ అయిపోయింది కాబట్టి నాకు పనిలేదనుకున్నాను. అసలు పని ఆ రోజే జరిగింది. ఒకాయన కథలో మండలాఫీసులో ఒక ముసలావిడ, గుమస్తా పింఛను సంగతి మాట్లాడుకుంటారు. చదువుతుంటే నాకు ఎక్కడో తేడా కొట్టింది. నా వంతు వచ్చినప్పుడు "వీళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవట్లేదండి, నాకు వినపడాలని మాట్లాడుతున్నారు" అన్నాను. అనేశాక నా మాట నాకే తగిలి చెవులు వేడెక్కాయి. తలెత్తి చూస్తే హెడ్మాస్టారు ఏదో రాసుకుంటున్నారు. ఎదుటివాళ్ల కథలో తప్పు పట్టుకోవడానికి రెండు నిమిషాలు చాలింది. అదే తప్పు మన కథలో కనిపించడానికి ఎనభై నాలుగు జెరాక్స్ పేజీలు, ఒక రైలు ప్రయాణం, ఒక రాత్రి అరిసెలు కావాల్సి వచ్చాయి.

సాయంత్రం కొంతమందిమి కలిసి శ్రీకాకుళంలోనే విశాఖ-'ఎ' కాలనీలో ఉన్న కథానిలయానికి వెళ్లాం. కారా మాస్టారు, అంటే కథకులు కాళీపట్నం రామారావుగారు, 1997 ఫిబ్రవరి 22న దాన్ని మొదలుపెట్టారు, అంటే అప్పటికి ఇంకా నాలుగేళ్లు నిండలేదు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒకచోట దొరకాలని ఒక మనిషి అనుకోవడం, అనుకున్నది కట్టి చూపించడం. పాత పత్రికల వాసన, బీరువాలు, కట్టలు. వాటిలో నా రెండు కథలూ ఉన్నాయా అని కళ్లు వెతికాయి. అడగడానికి మొహమాటమేసింది.

మెట్ల దగ్గర పలాస కుర్రాడు ఒంటరిగా దొరికాడు. "ఎందుకో తెలీదంటే నేనేం చెయ్యాలి బాబూ?" అని అడిగేశాను. "నిజంగానే తెలీదు మేడమ్. తెలిసినట్టు చెప్తే అబద్ధమవుతాది కదా" అని, సంచీలోంచి నా కథ కాపీ తీసిచ్చాడు. దానిమీద ఒక్క అక్షరం రాయలేదు. ఎడమవైపు మార్జిన్‌లో మాత్రం పెన్సిల్ గీత. మొదటి పేజీ నుంచి కిందికి, రెండు, మూడు, అలా తిన్నగా వచ్చింది. నాలుగో పేజీ మధ్యలో, దళారి "ఎంతకిస్తావ్ చెప్పు!" అని కేకేసిన చోట ఆగిపోయింది. అయిదో పేజీ ఖాళీ. ఆరో పేజీ చివర కుడితి గోలెం దగ్గర మళ్లీ మొదలై చివరిదాకా వెళ్లింది. తను కథలో ఉన్నంతసేపూ గీశాడట. అదొక అలవాటు, ఎవరూ చెప్పలేదు అన్నాడు.

ఆ కాపీ నా దగ్గర ఇప్పటికీ ఉంది. నాకొచ్చిన విమర్శలన్నిటిలోనూ మంచిది అదే, అందులో మాటల్లేవు.

ఇంత జరిగాక బుద్ధి వచ్చి ఉండాలి కదా. రాలేదు. పన్నెండు కాపీలూ ఇంటికి తెచ్చుకుని, ఆ వారమే అందరి మాటా పాటించి కథ తిరగరాశాను. దళారికి మీసాలు పెట్టాను. యాస సగం పెంచాను, సగం తగ్గించాను. బేరం కురచ చేశాను. టీచర్ని కదా, కరెక్షన్ అంటే ఎర్ర సిరా ఉన్నచోటల్లా దిద్దడమే అనుకున్నాను. నా పిల్లలు హోంవర్కు చేసినట్టు చేసి, ఫెయిర్ కాపీ హెడ్మాస్టారికి పోస్టు చేశాను. వారంలో కవరు తిరిగొచ్చింది. పైన ఎర్ర సిరాతో కాదు, నీలం సిరాతోనే, రెండే మాటలు. "ఎవరి కథ?"

కోపంతో పెట్టెలో పడేశాను. దాన్ని ఓర్పు అని తర్వాత్తర్వాత చెప్పుకున్నాను గానీ, నిజానికి కోపమే. ఏమైతేనేం, మూడు నెలలు అది కంట పడకుండా ఉంది. ఇప్పుడు ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే వెంటనే దిద్దకండి, కనీసం పదిహేను రోజులు ముట్టుకోకండి అని చెప్తాను. రాసిన రాత్రే వేడివేడిగా పట్టుకు రాకండి అని కూడా చెప్తాను. వేడి మీదుంటే ఒక్క మాటన్నా కాలుతుంది. మరీ అంతా అయిపోయిందనుకుని, మెచ్చుకోలు కోసం తేవడమూ దండగే, అందరి టైమూ పోతుంది. ఎక్కడో ఏదో కుదరలేదని మీకే అనిపిస్తూ, అదేంటో దొరకనప్పుడు తెస్తే మంచిది. నేను ఈ మూడింటిలో రెండో రకంగా వెళ్లాను లెండి.

ఏప్రిల్ చివర్లో బడికి సెలవులిచ్చాక పెట్టె తీశాను. వర్క్‌షాప్ నోటుబుక్కులో ఒక్కొక్కరు అన్నది మళ్లీ వరసగా రాసుకున్నాను. పేజీ మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు ఎక్కడ అన్నారో, కుడివైపు ఏం చెయ్యమన్నారో. కుడివైపు చూస్తే పెంచు, తగ్గించు, తీసెయ్, ఇంకా రాయి, ఒకదానికొకటి పొంతన లేదు. ఎడమవైపు చూస్తే నాలుగు. నాలుగు. నాలుగు. నాలుగు. మా ఊళ్లో ఎవరికైనా జ్వరమొస్తే చూడ్డానికొచ్చినవాళ్లంతా తలో మందూ చెప్తారు. ఒకరు మిరియాల కషాయమంటారు, ఒకరు రామకోటయ్య దగ్గర తాయెత్తంటారు. ఏ మందు పనిచేస్తుందో దేవుడికెరుక, జ్వరం మాత్రం ఉన్నట్టే. నేను మూడు నెలలు మందుల మీద పోట్లాడుతూ కూర్చున్నాను.

యాస విషయంలో మాత్రం ఎవరి మాటా వినలేదు. మా ఇంట్లో ఎలా మాట్లాడతామో అలాగే ఉంచాను. అన్నీ వినాలి, రాసుకోవాలి, కొన్ని పక్కన పెట్టాలి. కానీ వినకముందే పక్కన పెట్టడం వేరు.

మే నెలలో ఊరెళ్లాను. సాయంత్రం ఎండ తగ్గాక నాన్న అరుగు మీద కూర్చున్నాడు. నాలుగో పేజీ చదివి వినిపించాను. కథ అని చెప్పలేదు, ఇలా ఒక సంత గురించి రాశాను, సరిగ్గా ఉందా చూడు అన్నాను. "ఎంతకిస్తావ్ చెప్పు!" దగ్గరికొచ్చేసరికి నవ్వాడు.

"ఏటే, కేకలేసి బేరమాడతారేటి? అవేటి, వంకాయలనుకున్నావేటి?"

"మరెలా?"

"సెయ్యి ఇలాగియ్యి."

భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. దాని కిందికి తన చెయ్యి పోనిచ్చి నా వేళ్లు పట్టుకున్నాడు. పశువుల బేరం నోటితో చెయ్యరట. పక్కవాడికి తెలియకూడదు. ఇన్ని వేళ్లు పట్టుకుంటే ఇన్ని వేలు, ఆ తర్వాత ఇన్ని పట్టుకుంటే ఇన్ని వందలు. పైకి మాత్రం వానల సంగతి మాట్లాడుకుంటూ ఉంటారు. నాన్న అరచెయ్యి మోటుగా, వెచ్చగా ఉంది. చిన్నప్పుడు వాగు దాటించినప్పటి తర్వాత ఆయన నా చెయ్యి పట్టుకున్నట్టు గుర్తులేదు.

"ఇది ఆడడిగింది" అని కొన్ని వేళ్లు నొక్కాడు. "ఇది నానన్నది." మళ్లీ నొక్కాడు. "మళ్లా ఆడు." అక్కడి నుంచి చెప్పడం మానేశాడు. చెయ్యి మాత్రం ఆడుతోంది. నాకు లెక్క తప్పకుండా పట్టుకోవడమే సరిపోయింది. వేళ్లు ఒక్కొక్కటే తగ్గుతున్నాయి. ఆయన నా మొహంలోకి చూడటం లేదు, వీధిలోకి చూస్తున్నాడు. ఆఖరిసారి నా వేళ్లు పట్టుకుని కాసేపు అలాగే ఉంచాడు. అమ్మ లోపల్నించి దీపం తెచ్చేదాకా వదల్లేదు.

పద్నాలుగేళ్లకి తెలిసింది నాకు, ఎంతకమ్మాడో.

తువ్వాలు దులిపి భుజానేసుకుని "అది మాత్రం రాయకు" అన్నాడు.

పేజీన్నర డైలాగులు పోయాయి. వాటి చోట పదకొండు లైన్లు వచ్చాయి. దళారి మీసాలు కూడా పోయాయి, పాపం. ఆ ఏడాది ఆఖర్లో కథ అచ్చయింది. పలాస కుర్రాడికి ఒక కాపీ పంపితే పెన్సిల్ గీతతో తిరిగొచ్చింది. ఈసారి గీత ఎక్కడా తెగలేదు గానీ, రెండో పేజీలో ఒకచోట సన్నగా వంకర తిరిగి ఉంది. ఎందుకో తెలీదని కింద రాశాడు.

కథలో తువ్వాలుంది, దాని కింద వేళ్లున్నాయి. అంకె రాయలేదు.